లెక్కలోకి రాని శనివారం

నా నెత్తి మీద పదకొండేళ్ళుగా ఒక మనిషి కాపురముంటున్నాడు. పేరు సిక్స్టెన్ హెల్‌గ్రెన్. నాది రెండో అంతస్తు, అతనిది మూడో అంతస్తు. ఈ పదకొండేళ్ళలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు. "హేయ్" అంటాడు, "హేయ్" అంటాను. అదైనా మెట్ల మీద ఎదురుపడితేనే. ఎదురుపడకుండా ఉండటానికే మా భవనంలో అందరం బయటికి వెళ్ళే ముందు తలుపు కంతలోంచి ఒకసారి తొంగిచూస్తాం. మెట్ల మీద ఎవరైనా ఉంటే వాళ్ళు దిగిపోయేదాకా చేతిసంచి పట్టుకుని తలుపు వెనకే నిలబడతాం. ఇందులో తప్పేముంది? ఎవరి ప్రశాంతత వాళ్ళది.

ఆ ప్రశాంతతకు రెండేళ్ళ కిందట గండి పడింది. పైకి టెక్లా వచ్చింది. టెక్లా అంటే మనిషి కాదు, కుక్క. మోకాలెత్తు కూడా లేని, గుబురు మీసాల తెల్ల ఆడకుక్క. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ దానికి దురద. కూర్చుంటే దురద, పడుకుంటే దురద, తింటూ తింటూ మధ్యలో ఆపి గోక్కునేంత దురద. అది వెనక్కాలితో చెవి గోక్కుంటుంటే మడమ వెళ్ళి చెక్కనేలకు కొట్టుకుంటుంది. అతని నేలే నా పైకప్పు. టకటకటక. కాసేపు ఆగుతుంది. హమ్మయ్య అనుకుని కాఫీ కప్పు నోటిదాకా తెచ్చుకునేసరికి మళ్ళీ టకటకటక. అందరికీ చెవిలో జోరీగ ఉంటుంది, నాకు నెత్తి మీద దొరికింది.

నేను ముప్పై రెండేళ్ళు బడి వంటశాలలో పనిచేశాను. నాలుగు వందల మంది పిల్లల గోల మధ్య గరిటె తిప్పినదాన్ని, చప్పుడుకు బెదిరే రకం కాదు. కానీ ఈ చప్పుడు ఆగినా మనసు కుదుటపడేది కాదు. మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని చెవులు పైకే నిక్కబొడుచుకుని ఉండేవి. వినీ వినీ నాకే మెడ మీదో, మోచేతి మీదో దురద పుట్టేది. ఒక్కదాన్నే వంటింట్లో కూర్చుని నేనూ గోక్కునేదాన్ని, సిగ్గులేకుండా.

ఇక చీటీ సంగతి. మా భవనం అడుగున అందరికీ కలిపి ఒక ఉతుకుల గది ఉంది. తలుపు పక్కన బోర్డు మీద రోజులూ గంటలూ గడులు గీసి ఉంటాయి. ఇంటి నంబరున్న చిన్న తాళాన్ని ఎవరికి కావలసిన గడిలో వాళ్ళు వేసుకోవాలి. ఆదివారం ఏడు నుంచి పది దాకా నాది. పది నుంచి ఒంటిగంట దాకా సిక్స్టెన్‌ది. ఆ గడుల జోలికి దేవుడు కూడా రాడు. ఈ ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున బట్టల బుట్ట పట్టుకుని దిగేసరికి తలుపుకి కాగితం అంటించి ఉంది. అచ్చు వేసినట్టున్న అక్షరాలు.

"ఆదివారం ఏడు నుంచి పది దాకా ఉతికేవారికి: మీరు పోసే వాసన ద్రవం యంత్రంలో మిగిలిపోతోంది. దానివల్ల ఒక జీవి చర్మం పుండు పడుతోంది. ఆపండి."

సంతకం లేదు. మా దగ్గర చీటీలకు సంతకం పెట్టే ఆచారం లేదు. పక్కనే బోర్డు మీద తాళాలన్నీ నంబర్లతో సహా వేలాడుతుంటే, రాసిందెవరో తెలియదు, చదివేదెవరో తెలియదు అన్నట్టు నటిస్తాం. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై రెండేళ్ళపాటు నా ఒంటికీ, జుట్టుకీ, దుప్పటికీ ఉడికించిన చేప వాసనే. ఉద్యోగం మానేశాక నాకు నేను ఇచ్చుకున్న ఒకే ఒక్క విలాసం, బట్టల ఆఖరి జాడింపులో పోసే నీలం సీసా. రాత్రి పక్క మీద వాలితే పూల వాసన రావాలి. అది కూడా ఓర్వలేకపోతే ఎలా?

అక్కడికక్కడే కింద నేనూ రాశాను. "మనుషుల దిండు గలీబులు ఉతికే యంత్రంలో గజ్జికుక్క పక్కబట్టలు ఉతికేవారికి: నియమాల పుస్తకం నాలుగో పేజీ చూడండి." వారం తిరిగేసరికి దాని కింద జవాబు. "గజ్జి కాదు. అంటుకునే జబ్బు కాదు. పుట్టుకతో వచ్చిన చర్మం." నేను: "వాసన కూడా అంటుకునే జబ్బు కాదు." మరుసటి వారానికి ఇంకెవరో పెన్సిలుతో, "మీ ఇద్దరూ ముందు ఆరబెట్టే యంత్రంలో పేరుకున్న దూది తీయండి" అని రాసి పోయారు. దానితో యుద్ధం ఇంకా ముదిరింది.

మే నెల మొదటి ఆదివారం నేను కావాలనే ఆలస్యం చేశాను. పదయినా దుప్పట్లు మడతపెడుతూ నింపాదిగా నిలబడ్డాను. సరిగ్గా పదికి తలుపు తెరుచుకుంది. సిక్స్టెన్ ఒక చేతిలో పెద్ద సంచి, ఒక చేతిలో టెక్లా తాడు పట్టుకుని గడప దగ్గర ఆగిపోయాడు. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో. నాలుగు నిమిషాలు అలాగే నిలబడి అప్పుడు నోరు తెరిచాడు.

"పది దాటి నాలుగు నిమిషాలైంది."

"నాలుగు నిమిషాలకి నీ ట్రాము వెళ్ళిపోదులే."

"వెళ్ళిపోతుంది. నేను నడిపినన్నాళ్ళూ వెళ్ళిపోయింది."

అది నిజమే. సిక్స్టెన్ ఈ నార్‌షోపింగ్ ఊళ్ళో ముప్పై ఎనిమిదేళ్ళు పసుప్పచ్చ ట్రాములు నడిపాడు. పరిగెత్తుకొస్తున్న వాళ్ళను అద్దంలో చూస్తూనే తలుపులు మూసేవాడని పేరు. నేనే ఒకసారి చలికాలంలో అలా మిగిలిపోయాను. ఆ పాత కోపం కూడా కలిపి ఏదో అనబోతుంటే, కింద టెక్లా దబ్బున కూలబడి మొదలుపెట్టింది. టకటకటక. రెండేళ్ళుగా నేను పైకప్పులోంచి విన్న కాలిని మొదటిసారి కళ్ళతో చూశాను. పొట్ట కింద వెంట్రుకలు లేవు. తోలు మందంగా, నల్లగా ముడతలు పడిపోయింది. చంకల్లో పచ్చిపచ్చిగా ఉంది. నాకి నాకి తెల్లటి పాదాలు ఇటుక రంగుకు తిరిగాయి. గోక్కుంటూనే అది నా వంక చూసింది, ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు. రెండేళ్ళుగా ఎన్ని తిట్లు తిట్టుకున్నానో అన్నీ గుర్తొచ్చి నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇన్నాళ్ళూ ఇదా?" అన్నాను.

"ఇది మంచి రోజు," అన్నాడు.

సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. ట్రాములు ఏ స్టాపులో ఎన్ని గంటలకు ఆగాయో రాసుకునే పాతకాలపు గళ్ళ పుస్తకం. పేజీ పేజీకీ గీతలు కొట్టి ఉన్నాయి. దురద పదికి ఎంత, మేత ఎన్ని గ్రాములు, స్నానం, నడక, పాదాలు కడగడం, అన్నిటికీ గడులు. జంతువుల డాక్టరమ్మ ఇల్వా చెప్పిందట రోజూ రాయమని. మాత్రలతో సగం తగ్గింది, మిగతా సగం మొండికేసింది. తిండి పడటం లేదేమో చూద్దామని ఎనిమిది వారాలపాటు ప్రత్యేకమైన మేత ఇచ్చింది. అది తప్ప నోట్లోకి ఇంకొక్క ముక్క వెళ్ళకూడదు. నాలుగు వారాలు గడిచాయి.

"చూడు," అని వేలు పెట్టి చూపించాడు. "శుక్రవారం అయిదు. శనివారం అయిదు. ఆదివారం ఏడు. సోమవారం తొమ్మిది. మంగళవారం తొమ్మిది. తరవాత దిగుతుంది. మళ్ళీ ఆదివారం ఎక్కుతుంది. ప్రతి వారం ఇంతే. మేత మారలేదు, నడక మారలేదు. ఆదివారం మారేది ఒక్కటే. నీ వెనకాల నేను ఉతుకుతాను, సాయంత్రం దానికి కొత్త పక్క వేస్తాను. ఇంకేముంది చెప్పు?"

లెక్క సరిగ్గానే ఉంది. పేజీలు తిప్పుతుంటే జూన్‌లో ఒక గడి చుట్టూ పెన్సిలుతో గీత కనబడింది. నడివేసవి పండుగ వారం, గురువారం, తొమ్మిది గంటలు.

"ఇదేంటి?"

అతను వంగి టెక్లా చెవి సవరించాడు. "ఆ ఎనిమిది వారాలకీ ఇంకో మూడు వారాలు కలిపి టైము తీసుకున్నాను. అప్పటికి వారమంతా అయిదు దాటకుండా ఉంటే ఉంటుంది. లేకపోతే నిద్రలోనే ప్రాణం పోయే సూది వేయిస్తాను." పుస్తకం తీసుకుని మూశాడు. "దీన్ని ఇద్దరు పెంచలేక వెనక్కిచ్చేశారు గున్వోర్. నేను మూడోవాణ్ణి. నేను ఎవరికీ వెనక్కివ్వను. కానీ పదికి తొమ్మిది దురదతో బతకమనడానికి నాకేం హక్కుంది?"

పదకొండేళ్ళలో నా పేరు అతని నోట వినడం అదే మొదలు.

ఆ రోజు నుంచి నీలం సీసా తీసి బీరువా మీద పెట్టేశాను. అంతేకాదు, నా ఉతుకు అయ్యాక ఉత్త నీళ్ళతో యంత్రాన్ని ఒకసారి తిప్పి, రబ్బరు అంచుల్లో తడిగుడ్డ పెట్టి తుడిచి మరీ వచ్చాను. ఒక ఆదివారం అయింది, రెండు ఆదివారాలయ్యాయి. ఏడు, తొమ్మిది, తొమ్మిది. రవ్వంత కూడా తేడా లేదు. నిజం చెప్పొద్దూ, లోపల నాకు సంతోషమేసింది. చూశావా, నేను కాదు. ఆ సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. నేను కాకపోతే మరెవరు?

సిక్స్టెన్‌కి కాలు నిలవలేదు. తివాచీ చుట్టి అటకెక్కించాడు. కర్టెన్లు పీకేశాడు. పూలకుండీలన్నీ మెట్ల మలుపులో పెట్టేశాడు. వీధిలో బర్చి చెట్ల పుప్పొడి రాలుతోందని రోజుకు నాలుగుసార్లు దారులు మార్చి మార్చి నడిపించేవాడు. వచ్చీ రాగానే నాలుగు పాదాలూ గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, వేళ్ళ సందులు కూడా ఆరేలా అద్ది తుడిచేవాడు. కుక్క కాలి చప్పుడుకు ఇప్పుడు అతని అడుగుల చప్పుడు తోడయింది. అది గోక్కోవడం ఆపితే ఇతను నడిచేవాడు. ఇద్దరూ ఆగితే కింద నేను లేచి నడిచేదాన్ని.

ఒక శుక్రవారం నా తలుపు తట్టాడు. ముందుగా చెప్పకుండా తలుపు తట్టడమంటే మా దగ్గర ఇల్లు అంటుకున్నట్టే లెక్క.

"నీకు రెండు చేతులు ఖాళీగా ఉన్నాయా?"

"ఉన్నాయి. దేనికి?"

"మందు సబ్బు నురగ పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి. అది ఆరు నిమిషాలకే దులిపేసుకుంటోంది."

అలా మొదటిసారి అతని ఇంట్లో అడుగుపెట్టాను. తొట్టిలో రబ్బరు చాప, నీళ్ళలో ఉష్ణమాపకం, గోడకు ట్రాము డిపోలో ఉండేలాంటి పెద్ద గడియారం. నేను టెక్లా ముందు కాళ్ళు పట్టుకున్నాను. అతను గోళ్ళు తగలకుండా వేలికొసలతో వెంట్రుకలు ఎటు వాలితే అటే నురగ పట్టించాడు. పది నిమిషాలంటే ఎంతసేపో అప్పుడు తెలిసింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా, మాట్లాడాడు.

వాళ్ళమ్మ నూలు మిల్లులో పనిచేసేదట. ఇంట్లో ఇతనొక్కడే. వారమంతా మిఠాయి మాటెత్తితే వీపు చిట్లేది. శనివారం సాయంత్రం ఆరింటికి మిల్లు కూత వేస్తే, అమ్మ కోటు జేబులో కాగితం పొట్లంతో వచ్చేది. ఆరు ఉప్పటి నల్ల అతిమధురం బిళ్ళలు, అయిదు ఎర్ర పళ్ళ బిళ్ళలు. మా దేశంలో ప్రతి పిల్లా పిల్లాడూ అలాగే, శనివారం మాత్రమే మిఠాయి తింటూ పెరిగారు, నేనూ అంతే. తేడా ఏమిటంటే మేం పెద్దయ్యాక ఆ నియమం గట్టు మీద పెట్టేశాం, ఇతను పెట్టలేదు. డెబ్భై ఏళ్ళలో శనివారం కాని రోజు ఒక్క బిళ్ళ నోట్లో వేసుకోలేదు, ఒక్క శనివారం మానలేదు. డ్యూటీలో ఉంటే చివరి స్టాపులో ట్రాము ఆపి తినేవాడట. పెళ్ళాడాల్సిన అమ్మాయి బుధవారం నాడు చాక్లెట్టు పెడితే తిననన్నాడట.

"అందుకే వెళ్ళిపోయిందా?" అన్నాను.

"అదొక్కటే కాదు," అన్నాడు. "కానీ అది కూడా."

మరుసటి రోజు శనివారం, టెక్లా చెవుల్లో మందు వేయాలంటే మళ్ళీ వెళ్ళాను. ఆరు కావడానికి అయిదు నిమిషాలుందనగా టెక్లా గోక్కోవడం మానేసి వెళ్ళి అలమారు ముందు బుద్ధిగా కూర్చుంది. గడియారం ఆరు కొట్టింది. సిక్స్టెన్ అలమారు తెరిచి రెండు గాజు గిన్నెలు తీశాడు. ఒకదాంట్లో పదకొండు బిళ్ళలు. ఇంకోదాంట్లో వేలిగోరంత చీజ్ ముక్కలు మూడు. తనొకటి, దానికొకటి. మళ్ళీ తనొకటి, దానికొకటి. ఆ ఇంట్లో ఆ ఇద్దరూ కదలకుండా మెదలకుండా ఉండగా నేను చూసింది ఆ పావుగంటే. నాకూ ఒక ఎర్ర బిళ్ళ దొరికింది. ముచ్చటేసి కళ్ళు తుడుచుకుంటూ కిందికి దిగాను.

తరవాతి గురువారం బఠానీ సూపు వండాను. గురువారం బఠానీ సూపు కాకపోతే ఇంకేం వండుతారు? ముప్పై రెండేళ్ళు ప్రతి గురువారం నాలుగు వందల మందికి అదే పోశాను. పాపం మనిషి చిక్కిపోతున్నాడని ఒక గిన్నెడు పైకి పట్టుకెళ్ళాను. బల్ల మీద పెడుతుంటే టెక్లా మూతి పైకెత్తింది. సూపులోంచి గరిటెతో చిటికెడంత పంది మాంసం ముక్క తీసి వంగానో లేదో, సిక్స్టెన్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"మతి ఉందా నీకు? దీనికి ఒక్క తునక పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాలి? ఏడు వారాల కష్టం మట్టిలో కలిపేస్తావా?"

"ఇంతోటి ముక్కకేనా?"

"ఇంతోటిదైనా సరే. డాక్టరమ్మ ఏమంది? రవ్వంత పడినా మళ్ళీ మొదటికే."

"మరి శనివారం చీజ్ పెట్టావుగా?"

"అది శనివారం కదా," అన్నాడు.

"అవును కదా," అన్నాను నేను.

గిన్నె అక్కడ పెట్టి బయటికొచ్చాను. తొమ్మిది మెట్లు దిగాను. తొమ్మిదో మెట్టు మీద నా కాళ్ళు ఆగిపోయాయి. గరిటె చేతిలోనే ఉంది. శనివారం అయిదు, ఆదివారం ఏడు, సోమవారం తొమ్మిది. మలుపులో అతను పెట్టిన పూలకుండీల మధ్య నిలబడి రెండోసారి లెక్కపెట్టుకుని, వెనక్కి తిరిగి ఎక్కాను. తలుపు తెరిచే ఉంది. అతను ఎక్కడివాడక్కడే నిలబడి ఉన్నాడు. సూపు వంక చూడటం లేదు, పుస్తకం వంక చూస్తున్నాడు.

"సిక్స్టెన్..."

"చెప్పకు," అన్నాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దాకా ఎందుకు, నేను ఎదురుగా కూర్చుని, చూస్తూ, బిళ్ళ చప్పరించి కళ్ళు తుడుచుకున్నాను కదా. అతను కుర్చీలో కూర్చుని ఒక్కో పేజీ తిప్పాడు. గ్రాములతో సహా రాసిన ఆ పుస్తకంలో ఏడు శనివారాలున్నాయి. ఏ శనివారం గడిలోనూ చీజ్ అన్న మాట లేదు.

"ఇంకేమైనా పెడుతున్నావా అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. గున్వోర్, నేను అబద్ధం చెప్పలేదు."

"నాకు తెలుసు."

"నాకు గుర్తే రాలేదు. శనివారం మనం పెట్టేది కాదు కదా. అదే వస్తుంది." కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "రెండేళ్ళుగా. ఈ చేత్తోనే."

ఆ సాయంత్రమే ఇల్వాకి ఫోను చేశాడు. చీజ్ కారణమైతే కావచ్చు, కాకపోనూవచ్చు, లెక్క మళ్ళీ మొదటి నుంచి పెట్టండి, ఇవాళ్టి నుంచి ఎనిమిది వారాలు అందట. నాకు ఊపిరి వచ్చింది. "అయితే ఆ జూన్ టైము రద్దు చేసెయ్," అన్నాను.

"చెయ్యను."

"ఎందుకు చెయ్యవు?"

"టైము ఇచ్చాను. దానికి మాటిచ్చాను. ఇంతకన్నా లాగనని."

"కుక్కకి మాటిచ్చావా? కుక్క అడిగిందా? నీ పొరపాటుకి శిక్ష దానికా?"

"రెండేళ్ళు గోక్కుంది గున్వోర్. నా మూలాన. ఇంకా ఎనిమిది వారాలు, ఇంకా ఎనిమిది వారాలు అని నేను సాగదీస్తూ పోతే ఎవరి కోసం? దాని కోసమా, నా కోసమా?"

"నీ మొండితనం తగలెయ్య. ట్రాము ఒక్కరోజు ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు," అన్నాను. అతను సూపు గిన్నె కడిగి, తుడిచి, నా చేతికిచ్చి తలుపేశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం?

ఆ నాలుగు వారాలు నాకెలా గడిచాయో నాకే తెలుసు. అతను మళ్ళీ నా తలుపు తట్టలేదు. టెక్లా స్నానానికి కూడా పిలవలేదు. మెట్ల మీద కనబడితే "హేయ్" అని తల వంచుకుని పోయేవాడు, సిగ్గుతో. నేను పైకప్పు వినడం పనిగా పెట్టుకున్నాను. వంటింటి క్యాలెండరు మీద నా లెక్క నేను రాసుకున్నాను. పొద్దున ఎన్ని టకటకలు, మధ్యాహ్నం ఎన్ని, సాయంత్రం ఎన్ని. మొదటి శనివారం ఆరింటికి పైన అలమారు ముందు టెక్లా కూర్చుని కూనిరాగంలాగా ఏడ్చింది. గంటసేపు. అతను గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తూనే ఉన్నాడు. నా చేతిలో ఉన్న పల్లెం కడగాలని కూడా తోచలేదు. రెండో శనివారం ఏడవలేదు, గాజు గిన్నె చప్పుడు వినబడింది. మళ్ళీ పెట్టేశాడా ఏమిటి? అడగడానికి రెండు మెట్లెక్కి, ఆ రెండూ దిగాను.

మూడో వారంలో టకటకలు పలచబడ్డాయి. నేను నమ్మలేదు. తివాచీ మళ్ళీ పరిచాడేమో. మేజోళ్ళు తొడిగాడేమో. కుక్కకే ఓపిక లేక గోక్కోవడం మానేసిందేమో. చప్పుడు ఉంటే ఒక బాధ, లేకపోతే ఇంకో బాధ. కుర్చీలో కూర్చుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉండేది.

ఆ గురువారం వచ్చింది. పొద్దున ఎనిమిది ఇరవైకి పైన తలుపు చప్పుడైంది. నేను అప్పటికే తలుపు కంతకు కన్ను ఆనించి ఉన్నాను. ముందు టెక్లా, గోళ్ళు టిక్కుటిక్కుమంటూ. వెనక సిక్స్టెన్, టై కట్టుకుని, పాత ఉద్యోగపు కోటు వేసుకుని. నా గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగాడు. నా చెయ్యి తలుపు పిడి మీదే ఉంది. తిప్పలేదు. ఎందుకు తిప్పలేదో ఇవాళ్టికీ నన్ను నేను తిట్టుకుంటాను. అరవై ఎనిమిదేళ్ళ అలవాటు, అంతే. వాళ్ళు దిగిపోయారు.

బఠానీ సూపు పొయ్యి మీద పెట్టాను. తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. పైన నిశ్శబ్దం. రెండేళ్ళు ఏ నిశ్శబ్దం కోసం మొక్కుకున్నానో అది ఇల్లంతా నిండిపోయి ఉంది, నాకు భరించడం చేతకాలేదు. సూపు అడుగంటింది. ముప్పై రెండేళ్ళ వంటలో నేను సూపు మాడ్చడం అదే మొదటిసారి. గిన్నె దించకుండా అలాగే నిలబడి ఏడ్చాను.

పదకొండు దాటాక కింద వీధి తలుపు తెరుచుకుంది. మెట్ల మీద అడుగులు. మగమనిషి బూట్లు. కుక్కగోళ్ళ చప్పుడు లేదు. చెవి పెట్టి మళ్ళీ విన్నాను. లేదు. ఈసారి కంతలోంచి చూడలేదు, తలుపు బార్లా తీసేశాను. సిక్స్టెన్ మెట్ల మలుపులో ఉన్నాడు. కోటు విప్పి చేతుల మీద వేసుకున్నాడు, కోటులో తెల్లటి మూట. ఒక పక్కగా టెక్లా తల వేలాడుతోంది. నాలుక కొస బయటికి ఉంది.

"చేసేశావా," అన్నాను. "మహానుభావా, టైముకి చేసేశావా."

"ష్," అన్నాడు. "లేస్తుంది."

దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టాను. పొట్ట వెచ్చగా ఉంది. ఎగసి పడుతోంది. ఆ నల్లతోలు మీద సన్నగా తెల్లటి నూగు మొలిచి ఉంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. అతను కూడా నా పక్కనే, జాగ్రత్తగా, మూట కదలకుండా కూర్చున్నాడు. పదకొండేళ్ళలో మేం పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

"ట్రామెక్కాం," అన్నాడు. "ఒళ్ళో పెట్టుకున్నాను. రెండు స్టాపులు దాటేసరికి నిద్రపోయింది. గోక్కోకుండా, ఉలిక్కిపడకుండా. ఇలా ఎప్పుడూ చూడలేదు. ఆసుపత్రి స్టాపు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి."

"మరి?"

"దిగాలంటే లేపాలి కదా." వేలాడుతున్న టెక్లా తలను మోచేతి మీదికి జరిపాడు. "తలుపులు మూసుకున్నాయి. చివరి స్టాపు దాకా వెళ్ళాం. తిరిగి అదే ట్రాములో వచ్చాం. మళ్ళీ ఆ స్టాపు వచ్చింది, మళ్ళీ దిగలేదు. నాలుగు సార్లు తిరిగాం గున్వోర్. డ్రైవరు పిల్ల అడిగింది, తాతా దారి తప్పావా అని."

"ఏమన్నావు?"

"అవునన్నాను."

"ఈ వారం లెక్కెంత?"

"నాలుగు. ఒక రోజు మూడు. నా పుస్తకాన్ని నేనే నమ్మలేకపోయాను, ఒకసారి తప్పు రాసినవాణ్ణి కదా."

దురద పోయిందని ఎవరూ అనుకోవద్దు. అది పోయేది కాదు, ఇల్వా మొదటే చెప్పింది. గడ్డి పూసే రోజుల్లో అయిదుకి ఎక్కుతుంది, పాదాలు కడుగుతూనే ఉండాలి, మాత్ర వేస్తూనే ఉండాలి. శుక్రవారం పది నిమిషాల నురగకి నేను వెళ్తూనే ఉన్నాను. శనివారం ఆరింటికి రెండు గాజు గిన్నెలూ దిగుతాయి. ఒకదాంట్లో పదకొండు బిళ్ళలు, ఇంకోదాంట్లో రోజూ తినే మేతలోంచే లెక్కపెట్టి తీసిన మూడు గింజలు. ఆ రెండో శనివారం నేను విన్న గిన్నె చప్పుడు అదే. టెక్లా అదే బుద్ధితో కూర్చుని, అదే ఆనందంతో తింటుంది. దానికి కావలసింది చీజ్ కాదని తెలుసుకోవడానికి మాకు అంతకాలం పట్టింది.

ఆ గురువారం తరవాత వచ్చిన ఆదివారం, ఏడింటికి బుట్ట పట్టుకుని ఉతుకుల గదికి దిగాను. పండుగ మర్నాడు కదా, భవనమంతా నిద్రలో ఉంది. తలుపు మీద పాత చీటీ చింపేసి ఉంది. దాని స్థానంలో కొత్తది, అవే అచ్చు అక్షరాలు.

"ఆదివారం ఏడు నుంచి పది దాకా ఉతికేవారి తప్పు ఏమీ లేదు. తప్పు నాది. సిక్స్టెన్ హెల్‌గ్రెన్, మూడో అంతస్తు."

ఈ భవనంలో నలభై ఏళ్ళుగా ఉంటున్నాను. సంతకం ఉన్న చీటీ చూడటం అదే మొదటిసారి. అందరూ చదివేదాకా ఉంచాలా, ఇప్పుడే తీసేయాలా అని చాలాసేపు నిలబడ్డాను. చివరికి జేబులోంచి పెన్సిలు తీసి, దాని కిందే నేనూ రాశాను. "నేనూ చూస్తూ కూర్చున్నాను. గున్వోర్, రెండో అంతస్తు."

తరవాత లోపలికి వెళ్ళి దుప్పట్లు యంత్రంలో వేశాను. వాటికి ఇప్పుడు ఏ వాసనా ఉండదు.